పెన్ డ్రైవ్ కన్నా కొట్టు చిట్టా మేలు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. మా హైస్కూలు పెట్టి వచ్చే సంక్రాంతికి వందేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా ఇప్పటి వస్తువులు కొన్ని ఒక పెట్టెలో పెట్టి బడి ఆవరణలో పాతిపెట్టాలని, 50 ఏళ్ల తర్వాత తెరిపించాలని పూర్వ విద్యార్థులు తీర్మానించారు. నేను ఆ బడిలోనే చదువుకుని అక్కడే టీచరుగా చేస్తున్నాను కాబట్టి వస్తువుల ఎంపిక నాకు అప్పగించారు. కమిటీవారు ఇచ్చిన జాబితా ఇది: స్మార్ట్‌ఫోను, ఊరి వీడియోలు నింపిన పెన్ డ్రైవు, కొత్త నోట్లు, ఉప్పాడ పట్టుచీర, చిన్న జాడీలో ఆవకాయ, దాతల ఫొటోలతో ఊరి చరిత్ర పుస్తకం. అమెరికాలో ఉన్నవాళ్లు ఒకటి అంటారు, ఊళ్లోవాళ్లు ఇంకొకటి అంటారు. రేవులో 40 ఏళ్లు పడవ నడిపిన తాతగారు ఒకాయన ఉన్నారు, 86 ఏళ్లు. మీటింగుకి వచ్చి, పడవ తోసే వెదురు గడ చూపిస్తున్నట్టు, “నా గెడ పెట్టండమ్మా” అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పెట్టె మొత్తం బీరువాలో ఒక అరంత ఉంటుంది. ఏం పెట్టమంటారు?
– ఒక టీచరు, కోనసీమ

జవాబు: అమ్మా, ఆ రోజు మీకు నవ్వు రాలేదన్న ఒక్క మాటతోనే ఈ పని సరైన చేతుల్లో పడిందని నాకు నమ్మకం కుదిరింది. గెడ సంగతికి మళ్లీ వస్తాను. ముందు జాబితా చూద్దాం.

మీ కమిటీవారి ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించగలను. 2019 జనవరిలో జలంధర్‌లోని లవ్లీ ప్రొఫెషనల్ యూనివర్సిటీలో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ జరిగినప్పుడు 100 వస్తువులతో ఒక టైమ్ క్యాప్సూల్ పాతిపెట్టారు. స్మార్ట్‌ఫోను, ల్యాండ్‌లైను ఫోను, హార్డ్ డిస్కు వంటివి అందులో ఉన్నాయి. వందేళ్ల తర్వాత తెరవాలని. దేశం మొత్తం శాస్త్రవేత్తలు కలిసిన చోట అది తగినదే. మీ ఊరి సంగతి వేరు. ఈనాటి ఫోను ఎలా ఉండేదో 50 ఏళ్ల తర్వాత తెలుసుకోవాలంటే ఏ మ్యూజియంలోనైనా దొరుకుతుంది, 500 రూపాయల నోటు నాణేలు సేకరించేవాళ్లందరి దగ్గరా ఉంటుంది. అయితే మీ లంకలో ఈ ఏడాది వంద కొబ్బరికాయల దింపుకి ఎంత ఇచ్చారో, ఒలుపుకి ఎంత ఇచ్చారో ఎవరి దగ్గరా ఉండదు. మీ ఎంపికకు ఈ ఒక్క కొలత పెట్టుకోండి: మనం దాచకపోతే ఇంకెవరూ దాచనిది ఏది?

ఈ ప్రశ్న నన్ను ఇంతగా ఎందుకు పట్టుకుందంటే, నేను చాలా ఏళ్లు గ్రంథాలయంలో పాత కాగితాల మధ్య పనిచేశాను. అక్కడ నేర్చుకున్నది ఒకటే. అందరికీ తెలిసిన సంగతులే అన్నిటికన్నా ముందు పోతాయి. తెలిసిందే కదా అని ఎవరూ రాయరు మరి.

తాళ్లపాకవారి రేకులు తలుచుకోండి. తెలుగువాళ్లు కాలానికి అప్పగించిన పెట్టెల్లో అంత గొప్పది ఇంకొకటి నాకు కనపడదు. అన్నమాచార్యుల కుటుంబం కీర్తనలన్నీ రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో సంకీర్తన భాండాగారంలో భద్రం చేసింది. 1922 తర్వాత అవి వెలుగులోకి వచ్చాయి. 12,000కు పైగా కీర్తనలు, అక్షరం చెదరకుండా. ప్రతి కీర్తనకూ పైన రాగం పేరు ఉంది. స్వరం మాత్రం లేదు. ఆ రోజుల్లో గుడిలో పాడేవాళ్లందరికీ ఆ వరస నోటికి వచ్చు. నోటికి వచ్చినదాన్ని రేకు మీద చెక్కించడం ఎందుకనుకున్నారేమో. పాడే గొంతులు పోయాక వరసలూ పోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు కూర్చుని మళ్లీ కొత్తగా స్వరపరచాల్సి వచ్చింది. రాగి నిలిచింది, మాట నిలిచింది, అన్నమయ్య పాడిన వరస ఏదో ఇప్పుడు మనకు తెలియదు. మీ పెట్టెలో వస్తువు పెట్టిన ప్రతిసారీ ఈ సంగతి గుర్తు చేసుకోండి. ఈ వస్తువుకి సంబంధించి ఈ రోజు మనందరికీ నోటికి వచ్చిన వరస ఏమిటి? అది ఒక కాగితం మీద రాసి వస్తువుతో పాటే పెట్టండి.

మా అమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టె తెరిచాం. పైన పెళ్లి పట్టుచీర ఉంది. ఎంతో అపురూపంగా దాచుకుంది పాపం. మడతల దగ్గర పట్టు చిట్లి, జరీ నల్లబడి, చేతిలోకి తీసుకుంటే పోగులు ఊడి వచ్చాయి. అడుగున కాగితానికి బదులు పరిచిన పచారీ కొట్టు చిట్టా ఒకటి దొరికింది, 60ల నాటిది. కందిపప్పు ఎంత, కిరసనాయిలు ఎంత, ఏ తారీకున ఎవరు వచ్చి పట్టుకెళ్లారు, బాకీ ఎప్పుడు తీరింది. ఒక చోట “పిల్లాడికి జ్వరం, బార్లీ” అని రాసి ఉంది. ఆ పిల్లాణ్ణి నేనే. మా అన్నదమ్ములం ఆ పూటంతా చీర పక్కన పెట్టి ఆ చిట్టానే చదువుకున్నాం.

అందుకే మీరు ముందు వెళ్లాల్సింది ఊళ్లో కిరాణా కొట్టుకి. ఒక నెల ఖాతా పుస్తకం అడగండి. అప్పులవాళ్ల పేర్లు బయటపెట్టడం మర్యాద కాదు కాబట్టి పేర్లు లేకుండా సరుకులు, ధరలు మాత్రం ఎత్తి రాయించండి. టీ కొట్టు గాజు పలక మీద అంటించి ఉన్న క్యూఆర్ కోడ్ స్టిక్కరు ఒకటి తీసుకోండి. దాని కింద, ఈ గళ్ల బొమ్మకు ఫోను చూపిస్తే టీ డబ్బులు ఎలా కట్టినట్టయ్యేదో, డబ్బు పడగానే కొట్టులో ఏ గొంతు ఏమని పలికేదో నాలుగు వాక్యాలు రాయండి. ఫోను కన్నా ఆ స్టిక్కరే ఎక్కువ చెబుతుంది. ఆర్టీసీ బస్సు టిక్కెట్టు పెట్టండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మిషను కొట్టిచ్చే ఆ టిక్కెట్టు వేడితో అచ్చయ్యే కాగితం, కొన్నేళ్లకే తెల్లగా వెలిసిపోతుంది. జిరాక్సు తీయించి రెండూ పెట్టండి. డ్వాక్రా సంఘం తీర్మానాల పుస్తకంలో రెండు పేజీల నకలు, రొయ్యల చెరువు లీజు కాగితం నమూనా, ఎరువుల కొట్టు బిల్లు, ఒక పెళ్లి శుభలేఖ, ఒక దశదిన కర్మ కార్డు. ఈ చివరిది విని కమిటీలో ఎవరైనా అశుభం అంటే, నా మాటగా చెప్పండి: ఒక కుటుంబంలో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఏ ఊళ్లో స్థిరపడ్డారో ఆ కార్డంత బాగా ఇంకే కాగితమూ చెప్పదు. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకాల నకళ్లు మాత్రం వద్దు.

మీ బడి నుంచి ఏం పెట్టాలో నాకన్నా మీకే బాగా తెలుసు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆరో తరగతి పిల్ల ఒకరి సంచీ ఒక మామూలు మంగళవారం నాడు తెరిపించి, లోపల ఉన్నదంతా వరసగా రాయించండి. సగం అరిగిన రబ్బరు, కొరికిన పెన్సిలు, మడతపెట్టిన చిప్స్ కాగితం, ఏదీ వదలకుండా. ముందే చెప్పి తెప్పిస్తే సర్దేసుకుని వస్తారు. మధ్యాహ్న భోజనంలో ఏ రోజు ఏం వడ్డిస్తారో ఆ వారపు పట్టిక రాయండి, పిల్లలు ఏ రోజు ఎక్కువ తింటారో, ఏ రోజు పళ్లెంలో వదిలేస్తారో కూడా రాయండి. ఆ పథకం ఇప్పుడు మీ లంకల గన్నవరం అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు మీదే నడుస్తోంది. ఆ తల్లి ఎవరో రెండు మాటలు రాయించండి.

ఆవకాయ జాడీ మానండి. నూనె, ఉప్పు, పులుపు కలిసి పెట్టెలో మిగతా వస్తువులన్నిటినీ తినేస్తాయి. బదులుగా ఒక ఇంట్లో పెట్టే తీరు రాయండి. ఏ చెట్టు కాయ, ఎన్ని కాయలకు ఎన్ని సోలల కారం, ఎంత ఆవపిండి, ముక్క కొట్టేది ఎవరు, మూడో రోజు తిరగ కలిపేటప్పుడు తొలి ముద్ద ఎవరికి పెడతారు. సోల అని రాసి ఊరుకోవద్దు, ఆ ఇంటి సోలలో ఎన్ని గ్రాముల కారం పడుతుందో తూచి రాయండి. 50 ఏళ్లకు సోల మిగలకపోవచ్చు. పట్టుచీర కూడా మడతపెట్టి పెడితే మా అమ్మ చీరలాగే అవుతుంది. జేబురుమాలంత ముక్క మడత లేకుండా పరిచి, దాని బిల్లు జత చేస్తే చాలు.

ఇప్పుడు దాతల పుస్తకం. ఇక్కడ నా మాట కమిటీవారికి కొంచెం కష్టంగా ఉండొచ్చు. 1973 ఆగస్టు 15న ఢిల్లీ ఎర్రకోటలో ఇందిరాగాంధీ ఒక కాలపత్రాన్ని పాతిపెట్టించారు. స్వాతంత్ర్యం వచ్చాక పాతికేళ్ల చరిత్ర అందులో రాయించారు, వెయ్యేళ్ల తర్వాతివాళ్ల కోసం. ఆ చరిత్ర ఏకపక్షంగా ఉందని, కొందరినే ఎత్తిచూపిందని గొడవైంది. ప్రభుత్వం మారింది. 1977లో తవ్వి తీసేశారు. వెయ్యేళ్లు ఉండాల్సింది నాలుగేళ్లు ఉంది. ఊరి చరిత్ర అని రాసి కొన్ని ఇళ్ల చరిత్రే పెడితే, తెరిచే రోజున మిగతా ఇళ్ల మనవలు ఏమనుకుంటారో ఆలోచించమనండి.

పేర్లు వద్దని కాదు. పేర్లు చెక్కించుకోవాలన్న కోరిక మన నేల మీద చాలా పాతది. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ రాతి పేటికలు బయటికి తీశాడు. క్రీస్తు పూర్వం నాటివి. పేటిక మీద బ్రాహ్మీ అక్షరాల్లో, బుద్ధుడి ధాతువుల కోసం పేటికనూ స్ఫటికపు భరిణెనూ చేయించింది కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు అని ఉంది. ఇంకో చోట నిగమ సభ్యుల, అంటే ఊరి సంఘం వాళ్ల, పేర్లు వరసగా ఉన్నాయి, ఈనాటి కమిటీ బోర్డు మీద ఉన్నట్టే. అందులో రాజు కుబేరకుడి పేరూ ఉంది, ఊళ్లోవాళ్ల పేర్లూ ఉన్నాయి. రెండు వేల ఏళ్లు దాటినా ఆ తల్లీ తండ్రీ మనకు తెలుసు. మీరు కూడా అలాగే అన్ని ఇళ్ల పేర్లూ పెట్టండి. తొమ్మిదో తరగతి పిల్లల చేత పెద్ద కాగితం మీద ఊరి పటం గీయించండి. ప్రతి ఇల్లూ, ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారో, ముందు ఏ చెట్టు ఉందో, చేతిపంపు ఎక్కడ, గుడి, చర్చి, మసీదు, శ్మశానం ఎక్కడ. ఏ పేటనూ వదలొద్దు. తాళం వేసిన ఇళ్లు కూడా గీయించండి, ఆ తాళం తాలూకు మనుషులు హైదరాబాదులో ఉన్నారో డాలస్‌లో ఉన్నారో రాయించండి. పిల్లలు తమ పేట దాటి పక్క పేటకి ఆ పని మీద వెళ్లి ఒక గంట కూర్చుని వస్తారు, అది ఇప్పుడే దక్కే లాభం. దాతల జాబితా ఆ పటం వెనక ఒక కాగితంగా ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

వీడియోల సంగతి. పెన్ డ్రైవులో సమాచారం నిలిచేది చాలా సన్నని విద్యుదావేశం వల్ల. వాడకుండా వదిలేస్తే మెల్లగా కారిపోతుంది, పదేళ్లు దాటాక దాన్ని నమ్మలేం. నిలిచినా దాన్ని గుచ్చే కన్నం అప్పటికి ఉండాలి. ఫోనులో బ్యాటరీ ఉబ్బి పగిలితే పెట్టెంతా పాడు చేస్తుంది, ఏ బ్యాటరీనీ లోపలికి రానివ్వకండి. 1977లో నాసా పంపిన వాయేజర్ నౌకల్లో బంగారు పూత పూసిన రాగి రికార్డు ఉంది. అందులో 55 భాషల పలకరింపులున్నాయి, మన తెలుగు కూడా ఉంది. దాన్ని తయారుచేసినవాళ్లు రికార్డు తొడుగు మీదే, దీన్ని ఎలా తిప్పాలో, ముల్లు ఎక్కడ పెట్టాలో బొమ్మలు చెక్కారు, ముల్లు కూడా జతగా పంపారు. మనకు అంత సాధ్యం కాదు. గొంతులు రికార్డు చేయండి, తప్పకుండా చేయండి, అయితే వాటిని పెట్టెలో మూసెయ్యకండి. బయట ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచి, అయిదేళ్లకోసారి కొత్త దానిలోకి ఎక్కించే పని ఒకరికి అప్పగించండి. పెట్టెలోకి మాత్రం ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద ఎత్తి పెట్టండి. గ్రాంథికంలోకి మార్చొద్దు. మీవాళ్లు “ఆయ్” అంటే “ఆయ్” అనే రాయండి. నాట్ల పాటలు పాడే ఆడవాళ్లు ఇంకా ఉంటే, దగ్గర్లో సంగీతం తెలిసినవారిని పిలిచి స్వరం కూడా రాయించండి. తాళ్లపాకవారి రేకుల్లో లేనిది మీ పెట్టెలో ఉంటుంది.

కాగితం గురించి కాస్త ఓపిగ్గా వినండి, ఎక్కువ పెట్టెలు చెడేది ఇక్కడే. అమెరికాలో బోస్టన్‌లో మసాచుసెట్స్ స్టేట్ హౌస్ పునాదిలో 1795లో శామ్యూల్ ఆడమ్స్, పాల్ రివీర్ వాళ్లు పెట్టిన పెట్టెను, 1855లో మరికొన్ని వస్తువులు చేర్చి మళ్లీ మూసినదాన్ని, 2015లో తెరిస్తే వార్తాపత్రికలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. అప్పటి కాగితం గుడ్డ పీలికలతో చేసేవారు. ఇప్పటి న్యూస్‌ప్రింటు కర్ర గుజ్జు, ఎండలో రెండు నెలలకే పచ్చబడటం మీరు చూసే ఉంటారు. దినపత్రిక పెట్టాలనుంటే ఆమ్లం లేని మంచి కాగితం మీద జిరాక్సు తీసి పెట్టండి. లేజరు అచ్చు, జిరాక్సు నిలుస్తాయి. చేత్తో రాసేవి పెన్సిలుతో రాయించండి, పిల్లలకి చెబితే నమ్మరు గానీ జెల్ పెన్ను కన్నా పెన్సిలు రాత ఎక్కువ కాలం ఉంటుంది. ఫొటోలు రంగుల్లో కొన్ని, నలుపు తెలుపుల్లో కొన్ని వేయించండి. ల్యామినేషన్ వద్దు. గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు, సెల్లో టేపు, పీవీసీ కవర్లు, కలరా ఉండలు వద్దు. ఫొటోల వెనక మనుషుల పేర్లు మెత్తని పెన్సిలుతో ఎడమ నుంచి కుడికి రాయండి.

ఇక పాతిపెట్టడం. దయచేసి పాతిపెట్టకండి. అమెరికాలోనే టల్సా అనే ఊళ్లో 1957లో కొత్త ప్లిమత్ కారునే కాంక్రీటు గదిలో పెట్టి పూడ్చారు. 2007లో తెరిస్తే గది నిండా నీళ్లు, కారు తుప్పు ముద్ద. టల్సా పరిస్థితే అలా ఉంటే లంక సంగతి చెప్పాలా. మీ దగ్గర బోరు ఎన్ని అడుగుల్లో పడుతుందో మీకు తెలుసు. బడి గోడలో గూడు కట్టించి ముందు రాతి పలక బిగించండి. ఎంత ఎత్తులో అంటే, 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మీ ఊళ్లో నీళ్లు ఎక్కడికి వచ్చాయో ఆ గుర్తు కన్నా మూడడుగులు పైన. చెదలు రాకుండా గూడు లోపల సిమెంటు నున్నగా మెత్తించండి. పెట్టె 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో, హోటళ్ల పాత్రలు చేసేవాళ్ల చేత అతుకులన్నీ వెల్డింగు చేయించండి. లోపల సిలికా జెల్ సంచులు కొత్తవి వేయండి. సర్దడం పుష్యమాసపు పొడి వాతావరణంలో మధ్యాహ్నం పూట చేయండి. వానాకాలంలో మూసిన పెట్టెలో వానాకాలం కూడా ఉండిపోతుంది. మీ పండగ సంక్రాంతికే కావడం కలిసొచ్చింది.

గోడలో పెట్టినా మరిచిపోయే ప్రమాదం ఉంటుంది. కాలిఫోర్నియాలో కరోనా అనే ఊరు 17 పెట్టెలు పాతిపెట్టి ఎక్కడున్నాయో పోగొట్టుకుంది. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం వెస్టింగ్‌హౌస్ కంపెనీ 1938లో తన పెట్టెను 5,000 ఏళ్లకు పాతిపెడుతూ, అది ఎక్కడుందో, ఎలా వెతకాలో ఒక పుస్తకం అచ్చువేసి ప్రపంచమంతా గ్రంథాలయాలకు పంపింది. మీరు పంచాయతీ తీర్మానం పుస్తకంలో, బడి రికార్డులో, జిల్లా గ్రంథాలయ సంస్థలో ఒక్కో నకలు ఉంచండి. లోపల ఉన్న వస్తువుల జాబితా కూడా జత చేయండి. అన్నిటికన్నా గట్టి రికార్డు మీ ఆరో తరగతి. ఇప్పుడు 11 ఏళ్ల పిల్లలకు అప్పటికి 61 వస్తాయి. మూసేటప్పుడు ఆ తరగతి పిల్లలందరి చేతా ఆ రాతి పలకకి ఒక్కో తాపీ సిమెంటు వేయించండి. కమిటీ అధ్యక్షుల వారు పక్కన నిలబడితే చాలు.

ఇక తాతగారి గెడ. రెండు నిలువుల పొడవుండే వెదురు మీ పెట్టెలో పట్టదు, కొయ్యొద్దు. బడి వరండాలో దూలం కింద, పెట్టె ఉన్న గోడ మీదే అడ్డంగా వేలాడదీయండి. చేతులు పట్టి పట్టి నున్నబడిన చోట ఒక దారం కట్టి ఉంచండి. పెట్టెలోకి వెళ్లాల్సింది ఆయన మాట. వంతెన రాకముందు రేవు దాటడానికి ఎంత తీసుకునేవారు, డబ్బు లేనివాళ్లు ఏమిచ్చేవారు, ఎర్రనీరు వచ్చిందని రంగుతో పాటు ఇంకా దేనితో పట్టేవారు, మేట వేసిన చోటు రాత్రిపూట గెడకి ఎలా తెలిసేది, పురిటి నొప్పులతో ఉన్న మనిషిని దాటించిన రాత్రులు ఎన్ని. 1986 వరద గుర్తు ఆయన్నే అడగండి, వచ్చి గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు. అక్కడే సుద్దతో గీత గీయించండి.

సంక్రాంతి దాకా ఆగకండి. ఈ ఆదివారమే ఇద్దరు పిల్లల్ని, ఫోనునీ, ఒక పెన్సిలునీ తీసుకుని ఆయన ఇంటికి వెళ్లండి.